కర్మాగారంలో నాయకత్వం: కోరాపుట్, రాయగడ పరిశ్రమల్లో షిఫ్టు బాధ్యుని పాత్ర

అవిభక్త కోరాపుట్ జిల్లాకు భారీ పరిశ్రమలు 1960వ దశకంలో వచ్చాయి. రాయగడ పట్టణానికి సమీపంలో 1962లో కాగితపు మిల్లు ప్రారంభం కాగా, ఆ మిల్లు పేరే ఊరి పేరై జేకేపూర్ వెలసింది. డాక్టర్ బంశీధర్ పండా 1961లో స్థాపించిన ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో ఎల్లాయిస్ సంస్థ తేరుబలిని తన కేంద్రంగా చేసుకొన్నది. మిగ్-21 యుద్ధవిమానాల తయారీ కొరకు 1963లో ఏర్పడి, మరుసటి సంవత్సరం హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌లో విలీనమైన ప్రభుత్వ సంస్థ, వాటి ఇంజన్ల నిర్మాణానికి సునాబేడను ఎంపిక చేసింది. 1981 జనవరి 7న ఏర్పడిన నాల్కో, పంచపట్మాలి కొండల బాక్సైటును శుద్ధి చేయుటకు దమన్‌జోడిలో కర్మాగారాన్ని నెలకొల్పింది. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా అయిన తరువాత, ఆ జిల్లాలోని కాశీపూర్ ప్రాంతంలో ఉత్కళ్ ఎల్యూమినా కర్మాగారం 2013లో ఉత్పత్తి ఆరంభించింది.

ఈ కర్మాగారాల గురించి వ్రాసేటప్పుడు పెట్టుబడి ఎంత, ఉత్పత్తి ఎంత అనే లెక్కలకే సాధారణంగా ప్రాధాన్యం లభిస్తుంది. రాత్రి రెండు గంటలకు కొలిమి వద్ద, కాగితపు యంత్రం వద్ద నిలిచి పది మందితో పని చేయించే వ్యక్తి గురించి వ్రాసినవారు తక్కువ. అతని పదవి పేరు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటుంది. ఒకచోట ఫోర్‌మన్, మరొకచోట సూపర్‌వైజర్, ఇంకొకచోట షిఫ్టు ఇన్‌చార్జి. జనరల్ మేనేజరు నిర్ణయాలు కార్మికునికి చేరేది ఇతని నోటి ద్వారానే. కార్మికుని మాట పైకి చేరవలసినదీ ఇతని ద్వారానే. కనుక ఉత్పత్తి రంగంలో నాయకత్వ శిక్షణ అనగానే ముందుగా దృష్టి సారించవలసింది ఈ స్థాయి మీద. విశాఖపట్నంలోని ఏదో ఒక హోటల్లో ఉన్నతాధికారులకు ఒక రోజు తరగతి నిర్వహించి, ఫోటోలు తీయించుకొని, నాయకత్వ వికాసం ముగిసిందని భావించే ధోరణి వలన ఈ స్థాయికి ఒరిగేది స్వల్పమని చెప్పక తప్పదు.

మేస్త్రీ నుండి సూపర్‌వైజరు వరకు

కర్మాగారాలు రాకముందు ఈ ప్రాంతంలో పనివారిని కూడగట్టి నడిపించినవాడు మేస్త్రీ. రోడ్డు పని అయినా, అడవిలో వెదురు నరికే పని అయినా, తన ఊరివారిని, తనకు బాకీపడినవారిని వెంటబెట్టుకొని వచ్చేవాడు. అతని అధికారం పనితనం మీద కన్నా పరిచయం మీద, అప్పు మీద ఎక్కువగా ఆధారపడి ఉండేది. నేటికీ కాంట్రాక్టు పనులలో ఈ పద్ధతి పూర్తిగా అంతరించలేదు. కంపెనీ నియమించిన యువ ఇంజనీరు చెప్పిన మాటను, కాంట్రాక్టరు మేస్త్రీ కళ్ళతో సైగ చేసిన తరువాతనే కూలీలు పాటించడం తరచుగా కనిపించే దృశ్యం.

డిప్లొమా పూర్తిచేసి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఇక్కడ రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తుంటాడు. మేస్త్రీని పూర్తిగా పక్కకు నెట్టి, ప్రతి మాటా తానే చెప్పబోతాడు, కూలీలు బిగుసుకుపోతారు. లేదా పని అంతా మేస్త్రీకే అప్పగించి, తాను రిజిస్టరులో సంతకాలకు పరిమితమవుతాడు. అప్పుడు భద్రతా నియమాలు గాలికి పోతాయి. అనుభవజ్ఞులైన సూపర్‌వైజర్లు అనుసరించే మార్గం వేరు. పనిలోని ప్రమాదాన్ని, చేయవలసిన క్రమాన్ని కూలీలందరి ఎదుట తామే స్వయంగా వివరిస్తారు. ఎవరు ఎక్కడ నిలబడాలనే సర్దుబాటును మాత్రం మేస్త్రీకి విడిచిపెడతారు. ప్రాణానికి సంబంధించిన మాట మధ్యవర్తి ద్వారా చేరకూడదన్నది ఇందులోని సూత్రం.

నాలుగు భాషల మధ్య ఒక ఆజ్ఞ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అందువలన రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ పట్టణాలలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాటికితోడు సాలూరు, పార్వతీపురం వైపు నుండి పనికి వచ్చినవారున్నారు. ఒడియా పరిపాలనా భాష. కోరాపుట్ గ్రామాలలో భిన్న తెగలవారిని కలిపే వాడుక భాష దేశియా. రాయగడ కొండలలో కోందులు కువి మాట్లాడతారు. ఇంజనీర్లలో హిందీ, ఇంగ్లీషు. ఒక్క షిఫ్టులోనే ఇన్ని భాషలు చేరినప్పుడు, ఆజ్ఞ ఇచ్చినవాడు ఏమన్నాడన్న దానికంటే విన్నవానికి ఏమి అర్థమైందన్నది ముఖ్యమవుతుంది.

తెలుగులోని అతి సామాన్యమైన మాటనే తీసుకొందాం. "వాల్వు తీయి" అంటే ఏమిటి? తలుపు తీయి అన్నట్లుగా వాల్వును తెరవమని ఒక అర్థం. బోల్టు తీయి అన్నట్లుగా ఊడదీయమని మరొక అర్థం. పుట్టుకతో తెలుగువాడైన ఫిట్టరు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. పనిలో చేరిన తరువాత నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకొన్న కార్మికునికి ఆ సౌకర్యం లేదు. ఎల్యూమినా శుద్ధి కర్మాగారంలో ఆ గొట్టం వెంట ప్రవహించేది మరిగే స్థితిలోని కాస్టిక్ సోడా ద్రావణం. కంటిలో పడితే చూపు పోగలదు. తక్షణం నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగవలసిన పదార్థమది. అటువంటి చోట "తెరువు", "విప్పు" అనే రెండు వేర్వేరు మాటలను స్థిరపరచి, వాటికి ఒడియా, దేశియా, కువి సమానార్థకాలను గోడమీద వ్రాయించడం చిన్న పనిగా తోచవచ్చు. కాని నాయకత్వం ఆచరణలో ఎలా ఉంటుందో చూపే పని అదే.

మరొక మాట "ఆజ్ఞా". ఒడియా సంభాషణలో పెద్దవారికి, అధికారులకు సమాధానంగా వినయంగా పలికే మాట ఇది. "విన్నాను", "చిత్తం" అనే మర్యాద దానిలో ఉన్నది. "అర్థమైంది" అనే హామీ దానిలో ఉండనవసరం లేదు. ఈ తేడా తెలియని సూపర్‌వైజరు, అందరూ "ఆజ్ఞా" అన్నారు గనుక అందరికీ అర్థమైందని తృప్తిపడతాడు. తెలిసినవాడు, "ముందు ఏం చేస్తావు? తరువాత ఏం చేస్తావు?" అని కార్మికుని చేతనే తిరిగి చెప్పిస్తాడు. ఇందుకు రెండు నిమిషాలు పడుతుంది.

కువి భాష ఒడియాకు దూరం, తెలుగుకు దగ్గర. భాషాశాస్త్రజ్ఞులు తెలుగు, గోండీ, కుయి, కువి భాషలను ద్రావిడ కుటుంబంలోని ఒకే శాఖలో చేర్చారు. ఇంత దగ్గరి బంధుత్వం ఉండి కూడా, ఏళ్ళ తరబడి కోందు కార్మికులతో పనిచేసిన తెలుగు సూపర్‌వైజర్లలో ఆ భాషలో పది వాక్యాలు నేర్చినవారు అరుదుగా కనిపిస్తారు. ఇది విచారకరం.

సంబోధన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒడియాలో "తు", "తుమే", "ఆపణ" అని మూడు మెట్లున్నాయి. తెలుగులో "నువ్వు", "మీరు" ఉన్నాయి. వాటికి దిగువన "ఒరేయ్" ఉన్నది. ఇరవై అయిదేళ్ళ సూపర్‌వైజరు యాభై ఏళ్ళ ఆదివాసీ కార్మికుణ్ణి "ఒరేయ్" అనడం ఈ కర్మాగారాలలో చాలాకాలం మామూలు విషయంగా చెల్లుబాటైంది. "భాయి" అనో, "అన్నా" అనో పిలిచినవాని షిఫ్టులో కార్మికుడు తనంతట తాను వచ్చి, "బేరింగు శబ్దం మారింది, ఒకసారి చూడండి" అని చెబుతాడు. "ఒరేయ్" అనిపించుకొన్నవాడు ఆ శబ్దం విని కూడా ఊరుకొంటాడు.

పని నేర్పే పద్ధతి

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కర్మాగారాలలోకి కొత్త పనివారు పెద్ద సంఖ్యలో ప్రవేశించినప్పుడు, 1940-45 మధ్య ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం నడిచింది. ఫోర్‌మన్‌లకు ముఖ్యంగా మూడు నేర్పారు: పని నేర్పడం, పని పద్ధతిని మెరుగుపరచడం, మనుషులతో వ్యవహరించడం. యుద్ధానంతరం అది జపాన్‌కు చేరి అక్కడ బలంగా వేళ్ళూనింది. పని నేర్పుటకు వారు సూచించిన క్రమం నేటికీ పాతబడలేదు. మొదట కార్మికుని బెరుకు పోగొట్టి, అతనికి ఇప్పటికే ఏమి తెలుసో కనుక్కోవాలి. తరువాత పనిని ఒక్కొక్క అంచెగా చేసి చూపుతూ, ప్రతి అంచెలో కీలకాంశాన్ని, దాని కారణాన్ని చెప్పాలి. మూడవదిగా అతనిచేత చేయిస్తూ, అతనినే వివరించమనాలి. చివరకు ఒంటరిగా పనికి వదిలి, సందేహం వస్తే ఎవరిని అడగాలో చెప్పి, తరచుగా వచ్చి చూడాలి.

మన వద్ద సాధారణంగా జరిగేది రెండవ అంచెలో సగం మాత్రమే. చేసి చూపుతారు, కారణం చెప్పరు. తేరుబలి వంటి చోట ఫెర్రో ఎల్లాయ్ కొలిమి నుండి ద్రవలోహం తీసే కార్మికునికి, లోహం పోసే పాత్ర, చుట్టుపక్కల నేల పొడిగా ఉండాలని చెబితే చాలదు. ద్రవలోహం కింద నీరు చిక్కుకొంటే అది క్షణంలో ఆవిరై, అనేక రెట్లు వ్యాకోచించి, లోహాన్ని పేలుడులా ఎగజిమ్ముతుందని చెప్పాలి. కారణం తెలిసినవాడు వానాకాలంలో కప్పునుండి కారే చుక్కను కూడా గమనిస్తాడు. నియమం మాత్రమే తెలిసినవాడు, నియమంలో లేని ఆ చుక్కను పట్టించుకోడు.

మనుషులతో వ్యవహరించుట గురించి ఆ కార్యక్రమం చెప్పిన క్రమం మరింత సరళం: ముందు వాస్తవాలు సేకరించు, తరువాత తూచి నిర్ణయించు, ఆపైన చర్య తీసుకో, చివరకు ఫలితం పరిశీలించు. ఏప్రిల్‌లో ఒక కార్మికుడు నాలుగు రోజులు చెప్పకుండా మానివేశాడనుకొందాం. వాస్తవాలు సేకరించని సూపర్‌వైజరు వెంటనే మెమో ఇస్తాడు. సేకరించినవానికి అది చైత్ పరబ్ కాలమని, ఆ ఊరిలో పెద్దలు తేదీ నిర్ణయించేవరకు ఎవరికీ ముందుగా తెలియదని బోధపడుతుంది. మరుసటి ఏడు రోస్టరు వేసేటప్పుడు, సంక్రాంతికి తెలుగువారికి, పుష్ పరబ్, చైత్ పరబ్‌లకు ఆదివాసీలకు, రథయాత్రకు ఒడియావారికి సెలవులు సర్ది, ఒకరి బదులు ఒకరు వచ్చే ఏర్పాటు చేసుకొంటాడు. ఈ ఏర్పాటును కార్మికులే తమలో తాము మాట్లాడుకొని తెచ్చినప్పుడు అది మరింత గట్టిగా నిలుస్తుంది.

తప్పు చెప్పగలిగిన చోటు

సునాబేడ ఇంజన్ల కర్మాగారం ఈ విషయంలో మంచి ఉదాహరణ. మిగ్-21 ఇంజన్లతో ఆరంభమైన ఈ విభాగం, తరువాత మిగ్-27, మిగ్-29 ఇంజన్లను, సుఖోయ్-30 విమానాల ఏఎల్-31ఎఫ్‌పి ఇంజన్లను చేపట్టింది. ఈ చివరి రకం ఇంజన్లు 240 సరఫరా చేయుటకు 2024 సెప్టెంబరులో రక్షణ మంత్రిత్వ శాఖతో 26,000 కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం కుదిరింది. సంవత్సరానికి 30 చొప్పున ఎనిమిదేళ్ళలో అందించవలసి ఉంది.

విమాన ఇంజను కూర్చే చోట ఒక చిన్న పానా కనిపించకుండా పోతే ఏమి చేయాలి? ప్రపంచమంతటా విమాన పరిశ్రమలో దీనికి సమాధానం ఒక్కటే: పని ఆపాలి, పానా దొరికేవరకు ఇంజను కదలరాదు. ఇంజను లోపల మిగిలిపోయిన లోహపు ముక్క గాలిలో పైలట్ ప్రాణం తీయగలదు. ఇక్కడ నియమం స్పష్టమే. అయితే నియమం పని చేయాలంటే పానా పోగొట్టుకొన్నవాడు నోరు విప్పాలి. అతడు వచ్చి చెప్పిన మొదటి నిమిషంలో సూపర్‌వైజరు ముఖం ఎలా మారుతుందో పక్కనున్న పది మంది చూస్తారు. తిట్టాడా, ఇకముందు పోయిన పానాల సంగతి ఎవరూ చెప్పరు. బజారులో కొని తెచ్చి పెట్టెలో ఉంచుతారు. "చెప్పి మంచి పని చేశావు, పద వెదుకుదాం" అన్నాడా, ఆ షాపులో తప్పులు దాగవు. విచారణ తరువాత చేయవచ్చు, అవసరమైతే శిక్షణ ఇవ్వవచ్చు. ఆ మొదటి నిమిషం మాత్రం మళ్ళీ రాదు.

షిఫ్టు అప్పగింత కూడా ఇటువంటిదే. రాత్రి పది గంటలకు బయలుదేరే బస్సు అందుకోవాలన్న ఆత్రంలో, లాగ్ పుస్తకంలో "అంతా సవ్యం" అని వ్రాసి వెళ్ళే అలవాటు అనేక చోట్ల కనిపిస్తుంది. మరమ్మతు కొరకు విద్యుత్తు నిలిపిన యంత్రం, సగం విప్పిన పంపు, బైపాసులో ఉంచిన అలారం వంటివి పుస్తకానికి ఎక్కకపోతే, తరువాత వచ్చినవాడు గుడ్డిగా స్విచ్ వేస్తాడు. వచ్చేవాడు, వెళ్ళేవాడు ఇద్దరూ యంత్రం వద్దకే వెళ్ళి, చేతితో చూపి అప్పగించుకోవాలని పట్టుబట్టే సూపర్‌వైజరు మొదట చాదస్తుడని పేరు తెచ్చుకొంటాడు. అప్పగింతకు అవసరమైన పది నిమిషాలను డ్యూటీ వేళలో కలపకుండా, కార్మికుని సొంత సమయం నుండి ఆశించే యాజమాన్యం ఆ చాదస్తాన్ని ఎంతోకాలం నిలవనీయదు. ఈ లోపానికి సూపర్‌వైజరును మాత్రమే నిందించి లాభం లేదు.

కాగితపు మిల్లులో పరీక్ష మరో రూపంలో వస్తుంది. యంత్రం మీద పరుగెత్తే కాగితం తెగినప్పుడు, ప్రతి నిమిషమూ నష్టమే గనుక, అందరూ ఒక్కసారిగా రోలర్ల వద్దకు పరుగెడతారు. రెండు రోలర్లు కలిసే చోట చేయి పడితే తిరిగి రాదు. అప్పుడు గొంతు పెంచకుండా, ఎవరు ముందుకు పోవాలో, ఎవరు వెనుక నిలవాలో పేరు పెట్టి చెప్పగలిగినవాడే అక్కడి నాయకుడు. ఆ పేర్లు, ఆ స్థానాలు యంత్రం సవ్యంగా నడిచే వేళలోనే నిర్ణయమై ఉండాలి.

బృందానికి అప్పగించిన పని

నాయకుడు అన్నింటినీ తానే చూడనవసరం లేదని చూపిన ప్రయోగం మన దేశంలోనే జరిగింది. 1953లో అహమ్మదాబాదులోని కాలికో మిల్లులలో, లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ.కె. రైస్ ఆటోమేటిక్ మగ్గాల షెడ్డును పరిశీలించాడు. యంత్రాలు కొత్తవే అయినా ఉత్పత్తి పెరగలేదు. ఒక్కో కార్మికుడు అన్ని మగ్గాల మీద ఒకే చిన్న పని చేస్తూ, ఏ మగ్గానికీ తాను బాధ్యుడనని భావించని స్థితి ఉండేది. కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి అప్పగించి, లోపలి సర్దుబాటును వారికే విడిచిన తరువాత ఉత్పత్తి, నాణ్యత రెండూ మెరుగుపడ్డాయి.

తెలుగునాట ఇదే ఆలోచన క్వాలిటీ సర్కిళ్ళ రూపంలో వచ్చింది. 1980లో హైదరాబాదు రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్.లో ఎస్.ఆర్. ఉడుపా చొరవతో దేశంలో తొలి సర్కిళ్ళు మొదలయ్యాయి. 1982లో సికింద్రాబాదు కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఏర్పడింది. కార్మికులు వారానికొకసారి కూర్చుని తమ పనిలోని ఒక సమస్యను తామే ఎన్నుకొని పరిష్కరించడం ఈ పద్ధతి. జపాన్‌లో పుట్టిన టి.పి.ఎం. విధానం కూడా, యంత్రాన్ని నడిపేవాడే దానిని తుడిచి, నూనె వేసి, బిగించి, తొలి లోపాన్ని కనిపెట్టాలని కోరుతుంది. ఈ రెండింటిలోనూ ఒక బలహీనత ఉన్నది. పోటీల కొరకు రంగుల చార్టులు తయారుచేయడమే పనిగా మారితే, కార్మికుడు వేదిక మీద బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పే నటుడవుతాడు. దేశియాలోనో, తెలుగులోనో తన యంత్రం సంగతి మాట్లాడనిచ్చిన సర్కిలే పనికివస్తుంది.

గేటు వెలుపలి సంగతులు

ఈ కర్మాగారాలు నిలిచిన నేల ఒకప్పుడు కొందరి పొలం. 2000 డిసెంబరు 16న కాశీపూర్ ప్రాంతంలోని మైకంచ్ గ్రామం వద్ద, బాక్సైటు ప్రాజెక్టుపై ఆందోళన సాగుతున్న కాలంలో, పోలీసు కాల్పులలో ముగ్గురు ఆదివాసీలు మరణించారు. ఆ గ్రామాల పరిసరాల నుండే తరువాత కాలంలో యువకులు కర్మాగారాలలో పనికి వచ్చారు. అటువంటి యువకుడు మీటింగులో మౌనంగా ఉంటే దానిని సోమరితనంగానో, అజ్ఞానంగానో లెక్కవేయడం సూపర్‌వైజరు చేయగల పెద్ద తప్పు. అతడు కంపెనీని కొలుస్తున్నాడు. మంచినీళ్ళ కుళాయి, క్యాంటీన్ బల్ల, బూట్లు, హెల్మెట్ విషయాలలో పర్మనెంటు కార్మికునికి, కాంట్రాక్టు కూలీకి మధ్య తేడా ఎలా ఉన్నదో చూస్తున్నాడు. వేతనం నిర్ణయించే అధికారం సూపర్‌వైజరుకు లేదు. చిరిగిన చేతితొడుగు మార్చేవరకు కాంట్రాక్టు కూలీని కాస్టిక్ లైను వద్దకు పంపనని నిలబడే అధికారం మాత్రం ఉన్నది. దానిని వాడినవాని మాటకు ఆ యువకుని వద్ద విలువ ఏర్పడుతుంది.

చట్టం కల్పించిన వేదికలు కొన్ని ఉన్నాయి. భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో కార్మికులకు సమాన ప్రాతినిధ్యంతో భద్రతా కమిటీలను తప్పనిసరి చేశారు. ఆసన్న ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కూడా కార్మికులకు ఇచ్చారు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకొన్నాయి. ఈ హక్కు వాటిలోనూ కొనసాగింది. ఇరవై మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండి, అధ్యక్ష స్థానం ఏడాదికొకరి చొప్పున మారుతుంది. సభ్యులు పదిమందికి మించరాదు, మహిళలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. నూరు మంది లేదా అంతకు మించి ఉన్నచోట వర్క్స్ కమిటీకి కూడా అవకాశం ఉన్నది.

ఈ కమిటీల మినిట్సు సాధారణంగా ఇంగ్లీషులో వ్రాసి ఫైలులో ఉంచుతారు. సమావేశం జరిగిన మరునాడు షిఫ్టు ప్రారంభంలో, నిన్న ఏ విషయం చర్చకు వచ్చింది, ఏది ఒప్పుకొన్నారు, ఏది ఒప్పుకోలేదు, ఎందుకు అనే సంగతులను పనివారి భాషలో అయిదు నిమిషాలు చదివి వినిపించడానికి ఏ చట్టమూ అడ్డురాదు. చదివే బాధ్యతను సూపర్‌వైజరు ప్రతిసారీ తానే తీసుకోకుండా, ఒకసారి తెలుగు కార్మికునికి, ఒకసారి ఒడియా కార్మికునికి, ఒకసారి కువి తెలిసినవానికి అప్పగించవచ్చు. రేపటి షిఫ్టు బాధ్యులు అలా చదివినవారిలో నుండే తేలతారు.